రాజీనామా కాగితం మీద ఆయన వేలిముద్ర పడి ఉంటే – నా అనుభవం

మా ఆయన స్పిన్నింగ్ మిల్లులో రింగ్ ఫ్రేముల మీద పని చేసేవారు. తెగిన దారం అతికే పని. 2020 నవంబరులో ఒకరోజు నైట్ షిఫ్టులో కుడి కాలు మొద్దుబారినట్టుందని పక్కకొచ్చి కూర్చున్నారట. తెల్లారేసరికి కుడి పక్క మొత్తం పడిపోయింది, మాట కూడా పోయింది. అప్పటికి ఆయనకి 46 ఏళ్లు. పెద్ద పాప ఇంటర్, చిన్నోడు ఎనిమిదో తరగతి. మాది గుంటూరు వైపు ఒక టౌన్, అద్దె ఇల్లు, నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను.

ఆసుపత్రి రోజుల గురించి రాయను, అవి చదివిన వాళ్లకి ఏం ఉపయోగపడవు. ఆ తర్వాత ఏడాదిన్నర నేను ఆఫీసుల చుట్టూ తిరిగి నేర్చుకున్నది రాస్తాను. ఎందుకంటే ఇవన్నీ ముందే ఎవరైనా కూర్చోబెట్టి చెప్పి ఉంటే నాకు సగం తిరుగుడు, సగం ఏడుపు తప్పేవి.

మొదట నాకు అర్థం కానిది ఏంటంటే, వైకల్యం అనే మాట ఒకటే అయినా ఆఫీసుని బట్టి దాని అర్థం మారిపోతుంది. ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) వాళ్లు అడిగేది జబ్బా, డ్యూటీలో తగిలిన దెబ్బా అని. పీఎఫ్ వాళ్లు అడిగేది ఆ మనిషి చేస్తున్న పని ఇక ఎప్పటికైనా చేయగలడా లేదా అని. సదరం (ప్రభుత్వం తరఫున వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే క్యాంపు) వాళ్లు అడిగేది ఎంత శాతం అని. ఒక చోట ఒప్పుకున్నారు కదా అని ఇంకో చోట ఒప్పుకోరు, ఒక చోట కాదన్నారని ఇంకో చోటికి వెళ్లకుండా ఉండకూడదు. ఇది తెలియక మొదటి మూడు నెలలు నేను ఒక్క ఈఎస్ఐ కాగితాలే పట్టుకుని తిరిగాను.

ఈఎస్ఐ సంగతి చెప్తాను. నెల జీతం 21,000 లోపు ఉన్న వాళ్లకి ఇది ఉంటుంది, జీతంలోంచి ముప్పావు శాతం కోస్తారు, మిల్లు వాళ్లు 3.25 శాతం కడతారు. జబ్బు చేసి పనికి పోలేకపోతే ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం ఇస్తారు. డ్యూటీలో ఉండగా పడిపోయారు కాబట్టి దెబ్బ తగిలిన కేసు కింద 90 శాతం వస్తుందని మిల్లులో తోటివాళ్లు గట్టిగా చెప్పారు, నేనూ అదే ఆశతో వెళ్లాను. అక్కడ క్లర్కు గారు కేస్ షీట్ చూసి, అమ్మా ఇది యంత్రంలో చెయ్యి పడినట్టు కాదు, పక్షవాతం జబ్బు కిందకే వస్తుంది అన్నారు. ఆ రోజు గొడవ పెట్టుకుని వచ్చాను. కానీ ఆయనే వారం తర్వాత నాకు పనికొచ్చే మాట చెప్పారు. 91 రోజులు అయిపోయాక కూడా కొన్ని దీర్ఘకాలిక జబ్బులకి పొడిగించిన సిక్‌నెస్ బెనిఫిట్ ఉంటుందని, ఆ జాబితాలో 34 జబ్బులు ఉన్నాయని, ఒక పక్క పడిపోయిన పక్షవాతం అందులో ఉందని, అది జీతంలో 80 శాతమని, మెడికల్ బోర్డు ఒప్పుకుంటే పొడిగిస్తూ రెండేళ్ల దాకా ఇవ్వచ్చని. రెండేళ్లు వరుసగా ఉద్యోగంలో ఉండాలి, జబ్బుకి ముందు నాలుగు కంట్రిబ్యూషన్ పీరియడ్లలో (ఒక్కోటి ఆరు నెలలు) కలిపి 156 రోజుల చందా ఉండాలి. లాక్‌డౌన్‌లో మిల్లు మూసేసిన రోజులు గుర్తొచ్చి భయపడ్డాను గానీ, లెక్క సరిపోయింది. డిస్పెన్సరీ డాక్టరు ఇచ్చే సర్టిఫికెట్ తేదీకి తేదీ కలుస్తూ ఉండాలి. మధ్యలో రెండు రోజులు ఖాళీ వస్తే ఆ రెండు రోజుల డబ్బు రాలేదు, తర్వాత ఎంత అడిగినా రాలేదు.

2021 జూన్‌లో మిల్లు ఆఫీసు నుంచి ఒకబ్బాయి ఇంటికొచ్చాడు. చేతిలో ఇంగ్లీషులో టైపు చేసిన కాగితం. అక్కా, అన్నయ్య ఇక రాలేరు కదా, ఇది ఇచ్చేస్తే పీఎఫ్, సెటిల్మెంట్ అన్నీ త్వరగా అయిపోతాయి, లక్ష పైన వస్తుంది అన్నాడు. పాప చదివి చెప్పింది. సొంత కారణాల వల్ల ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను అని ఉంది. ఇంక్ ప్యాడ్ కూడా తెచ్చాడు, సంతకం పెట్టలేరని తెలిసే.

నిజం చెప్తున్నాను, నేను ఆ ప్యాడ్ మూత తీశాను. ఆ నెల ఈఎస్ఐ డబ్బు పడలేదు, అద్దె రెండు నెలలు బాకీ, ఫిజియోథెరపీ మానేసి పది రోజులైంది. ఆయన కుడి చెయ్యి పిడికిలిలాగా బిగుసుకుపోయి ఉండేది, వేళ్లు ఒక్కొక్కటే విప్పాలి, విప్పి వదిలితే మళ్లీ ముడుచుకుంటాయి. నేను బొటనవేలు విప్పుతుంటే ఆయన ఎడం చేత్తో నా మణికట్టు పట్టుకున్నారు. మాట లేదు, తల అడ్డంగా ఊపారు. ఆయనకి ఆ కాగితంలో ఏముందో తెలియదు, కానీ మిల్లు పేరు గుర్తుపట్టారు. రేపు చూద్దాం తమ్ముడూ అని ఆ అబ్బాయిని పంపేశాను.

మర్నాడు డిస్పెన్సరీ లైన్లో ఆ కాగితం గురించి పక్కన కూర్చున్న ఒక పెద్దాయనతో చెప్పాను. ఆయన వేరే మిల్లులో యూనియన్లో పనిచేసి రిటైరైన మనిషి. వినగానే, "అమ్మా, సంతకం పెట్టావా?" అన్నారు. లేదంటే అక్కడే కూర్చోబెట్టి రెండు సంగతులు చెప్పారు. ఒకటి, ఈఎస్ఐ సిక్‌నెస్ బెనిఫిట్ తీసుకుంటున్నన్నాళ్లు యజమాని ఉద్యోగం నుంచి తీసేయడానికి వీల్లేదు, ఈఎస్ఐ చట్టం 73వ సెక్షన్ అది. అందుకే తీసేయకుండా నీ చేతే రాయించుకుంటున్నారు. రెండోది ఇంకా పెద్దది. పీఎఫ్‌లో వైకల్య పింఛను ఒకటి ఉంది, అది రావాలంటే ఉద్యోగంలో ఉండగానే వైకల్యం వచ్చిందని కాగితం మీద ఉండాలి. సొంత కారణాలతో రాజీనామా అని రాసిస్తే రేపు ఆ మాటే నీకు అడ్డం పడుతుంది.

నేను ఆశ్చర్యపోయాను. పీఎఫ్ పింఛను అంటే పదేళ్ల సర్వీసు, 58 ఏళ్ల వయసు అనే కదా అందరూ చెప్పేది. మిల్లు ఆఫీసులో కూడా అదే చెప్పారు, మీ ఆయనకి పదేళ్లు నిండలేదు కాబట్టి పింఛను రాదు, 10సి ఫారం పెట్టి పింఛను డబ్బు వెనక్కి తీసుకోవడమే అని. మామూలుగా అయితే అది నిజమే. పీఎఫ్ వాళ్ల 1995 పింఛను పథకం (ఈపీఎస్)లో వయసు మీద వచ్చే పింఛనుకి పదేళ్లు ఉండాలి. 58కి ముందే కావాలంటే 50 దాటాక తీసుకోవచ్చు, కానీ ముందు తీసుకున్న ఒక్కో ఏడాదికి 4 శాతం చొప్పున తగ్గుతుంది. కానీ ఉద్యోగంలో ఉండగా శాశ్వతంగా, పూర్తిగా పనికి అనర్హుడైతే పదేళ్ల నిబంధన లేదు. ఒక్క నెల చందా కట్టి ఉంటే చాలు. వయసు కూడా అడ్డం రాదు. ఒక్క నెల! మా ఆయన ఏడు సంవత్సరాల తొమ్మిది నెలలు కట్టారు. ఇది మాకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన వాళ్లే చెప్పలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది.

10సి పెట్టి ఉంటే లక్ష పైచిలుకు ఒకేసారి వచ్చేది, పింఛను హక్కు అక్కడితో పోయేది. ఆ రోజుల్లో లక్ష అంటే మాకు ఎంతో. అయినా నేను పెట్టలేదు. నెలనెలా వచ్చేది ఎంత చిన్నదైనా ఆయన ఉన్నన్నాళ్లు వస్తుంది, ఆయన తర్వాత భార్యకి కూడా కనీసం 1,000 ఉంటుంది. రెండోది నేను ఆలోచించడానికి ఇష్టపడను గానీ రాస్తున్నాను, తెలుసుకోవాలి కాబట్టి.

ఇక సదరం. పక్షవాతం వచ్చిన మూడో నెలలో, 2021 ఫిబ్రవరిలో ఆటోలో పడుకోబెట్టుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరు చూసి, ఆరు నెలలు దాటాక రండి అన్నారు. నరాల జబ్బుల్లో ఆరు నెలలు ఆగాకే శాతం లెక్కేస్తారు, ఎందుకంటే ఆ లోపు కోలుకునే అవకాశం ఉంటుంది. నిబంధనలో న్యాయం ఉంది, కాదనను. కానీ స్లాట్ బుక్ చేసేటప్పుడే జబ్బు ఎప్పుడు వచ్చిందని ఒక్క మాట అడిగితే మంచాన ఉన్న మనిషిని అంత దూరం మోసుకెళ్లే పని ఉండేది కాదు. ఆరు నెలలు నిండేసరికి కరోనా రెండో విడత, క్యాంపులు లేవు. చివరికి సెప్టెంబరులో స్లాట్ దొరికింది.

అక్కడ శాతం లెక్క గురించి తెలుసుకున్నది చాలామందికి పనికొస్తుంది. కాలు చెయ్యి పడిపోవడానికి 60 శాతం వేశారు. మాటకి వేరే రోజు వేరే డాక్టరు చూసి 30 వేశారు. నేను 90 అయిందనుకున్నాను. సర్టిఫికెట్ మీద 70 ఉంది. తప్పు పడిందని మళ్లీ వెళ్లి అడిగాను. రెండు వైకల్యాలు ఉంటే కూడరంట. పెద్ద శాతం అలాగే ఉంచి, 90లోంచి దాన్ని తీసేసి, మిగిలిన దాన్ని చిన్న శాతంతో గుణించి 90తో భాగించి కలుపుతారు. 90లోంచి 60 పోతే 30, దాన్ని 30తో గుణిస్తే 900, 90తో భాగిస్తే 10. 60కి 10 కలిపితే 70. ఆ అమ్మాయి డాక్టరు చీటీ వెనకాల రాసి చూపించింది, ఆ చీటీ నా దగ్గర ఇంకా ఉంది. కొట్లాడదామని వెళ్లిన దాన్ని, వివరంగా చెప్పేసరికి ఏడ్చుకుంటూ దణ్ణం పెట్టి వచ్చాను. ఇంకో సంగతి, కదలిక సమస్య ఒక్కటే చూసి పంపేస్తుంటే మాటకి కూడా చూడమని నేనే అడిగాను. అడక్కపోతే 60తోనే ఆగేది.

పీఎఫ్ పని అన్నిటికన్నా ఎక్కువ కాలం పట్టింది. ముందు పేరు తేడా. ఆధార్లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, పీఎఫ్‌లో ఒక్క అక్షరమే ఉంది. దానికి జాయింట్ డిక్లరేషన్ అని మా సంతకం, మిల్లు సంతకం రెండూ ఉన్న కాగితం కావాలి. రాజీనామా ఇవ్వలేదని మిల్లు ఆఫీసులో ముఖం చాటేశారు, ఆ సంతకానికే ఆరుసార్లు తిరిగాను. పెద్దాయన చెప్పినట్టు ప్రతిసారీ అడిగింది కాగితం మీద రాసి, ఇంకో కాపీ మీద ముట్టినట్టు స్టాంపు అడిగేదాన్ని. స్టాంపు వేయకపోతే రిజిస్టర్ పోస్టులో పంపేదాన్ని. నాలుగో రిజిస్టర్ పోస్టు తర్వాత సంతకం అయింది.

పింఛనుకి ఫారం 10డి. దానికి భార్యాభర్తలు కలిసి దిగిన ఫోటో కావాలి. స్టూడియోలో ఆయన నిటారుగా కూర్చోలేకపోతే నేను వెనక నుంచి భుజం పట్టుకున్నాను. మూతి ఒక పక్కకి లాగి ఉంటుంది కదా, ఫ్లాష్ వెలిగే ముందు ఆయన ఎడమ చేత్తో నోరు కప్పుకున్నారు. ఫోటోగ్రాఫర్ ఏం అనలేదు, ఆగాడు. నేను చెయ్యి మెల్లగా కిందకి దించి పట్టుకున్నాను. మూడోసారికి ఫోటో వచ్చింది. మా పెళ్లి తర్వాత ఇద్దరం కలిసి స్టూడియోకి వెళ్లింది అదే.

2022 మొదట్లో పీఎఫ్ ఆఫీసు వాళ్లు మెడికల్ బోర్డుకి పంపారు. నేను సదరం సర్టిఫికెట్ ముందు పెట్టి 70 శాతం అన్నాను. డాక్టరు అది పక్కన పెట్టి, మాకు శాతం కాదమ్మా కావాల్సింది, ఈయన ఏం పని చేసేవాడు, ఆ పని ఇప్పుడు చేయగలడా అదే చూస్తాం అన్నారు. తర్వాత ఆయన వైపు తిరిగి, "ఏం పని చేసేవాడివి బాబూ?" అని అడిగారు. నేను చెప్పబోతే ఆపారు. ఆయన కాసేపు నోరు కదిపారు, ఏం రాలేదు. తర్వాత ఎడం చెయ్యి ఎత్తి, చూపుడు వేలు బొటనవేలు కలిపి గాల్లో దారం మెలిపెట్టి చూపించారు. ఒకసారి, మళ్లీ ఒకసారి. అది కుడి చేత్తో చేసే పని. కుడి చెయ్యి ఒళ్లో ముడుచుకుని ఉంది. డాక్టరు ఇంకేం అడగలేదు, కుడి చేతి వేళ్లు విప్పి చూసి రాసుకున్నారు.

చేస్తున్న పనికి శాశ్వతంగా, పూర్తిగా అనర్హుడు అని వచ్చింది. దానికోసమే తిరిగాను, వచ్చాక ఆ మాట చదివి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ కాగితంతో మార్చిలో ఉద్యోగం ముగిసింది, రాజీనామాతో కాదు, ఆరోగ్య కారణంతో అనర్హుడయ్యారని రాసి. ఆ తేడా వల్ల ఏం వచ్చిందో చూడండి. పీఎఫ్ డబ్బు మొత్తం, మామూలుగా ఉద్యోగం మానేసిన వాళ్లు అప్పట్లో ఆగాల్సిన రెండు నెలలు ఆగకుండా వచ్చింది. గ్రాట్యుటీ, అంటే చేసిన సర్వీసుకి యజమాని ఆఖర్న ఇచ్చే డబ్బు, అదీ వచ్చింది. దానికి ఐదేళ్ల నిబంధన ఉంటుంది, వైకల్యం వల్ల ఉద్యోగం పోతే అది కూడా అక్కర్లేదు, మా ఆయనకి ఎలాగూ దాటింది. జబ్బుతో ఇంట్లో ఉన్న కాలం కూడా గ్రాట్యుటీకి సర్వీసు కిందే లెక్క, అందుకని తొమ్మిదేళ్లు అయింది. ఆఖరి బేసిక్, డీఏ కలిపి 13,500. దాన్ని 15తో గుణించి 26తో భాగించి తొమ్మిదితో గుణిస్తే 70,096. మిల్లు వాళ్లు మొదట 54 వేలు అన్నారు, ఏడేళ్లకే లెక్కేసి. లెక్క రాసి చూపిస్తే సరిచేశారు.

పింఛను మాత్రం చిన్నది. సగటు జీతాన్ని సర్వీసు సంవత్సరాలతో గుణించి 70తో భాగిస్తారు, 2014 సెప్టెంబరుకి ముందు సర్వీసుకి అప్పటి తక్కువ పరిమితితో విడిగా లెక్క. ఆయనకి నెలకి 1,240 వస్తోంది. 2014 నుంచి కనీస పింఛను 1,000, దానికి కాస్త పైన. ఇన్నేళ్లయినా ఆ కనీసం అక్కడే ఉంది, ఇది చాలా అన్యాయం, పెంచమని పెద్దవాళ్లు ధర్నాలు చేస్తూనే ఉన్నారు. ఆ 1,240 మాకు ఆయన బీపీ మందులకీ, రక్తం పలచబడే మందులకీ సరిపోతుంది. మందుల షాపులో అప్పు పెట్టకుండా బతుకుతున్నామంటే దానివల్లే.

రాష్ట్రం ఇచ్చే దివ్యాంగుల పింఛను గురించి కూడా చెప్పాలి. దానికి 40 శాతం వైకల్యం ఉంటే చాలు, వయసు పరిమితి లేదు. కానీ మిగతావన్నీ కుటుంబం మీద చూస్తారు. టౌన్లో అయితే నెల ఆదాయం 12,000 లోపు, పల్లెలో 10,000 లోపు. మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాలు దాటకూడదు, కారు ఉండకూడదు, ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి, ఇన్‌కమ్ టాక్స్ కట్టేవాళ్లు ఉండకూడదు, కరెంటు నెలకి సగటున 300 యూనిట్లు దాటకూడదు. ఈఎస్ఐ డబ్బు వస్తున్నన్నాళ్లు నేను దీనికి పెట్టలేదు, ఆగిపోయాకే పెట్టాను.

అంతా సరిపోయిందనుకుంటే కరెంటు దగ్గర అనర్హులు అని వచ్చింది. మాకు ఒక ఫ్యాను, రెండు లైట్లు, కుట్టుమిషను. నెలకి 80 యూనిట్లు దాటదు. వార్డు సచివాలయంలో వెల్ఫేర్ సెక్రటరీని బతిమాలి స్క్రీన్ మీద చూపించమంటే, మేం అంతకు ముందు అద్దెకున్న ఇంటి మీటరు కూడా మా ఆయన ఆధార్‌కి లింకయి ఉంది, ఆ ఇంట్లో ఇప్పుడు ఏసీలు రెండు. కరెంటు ఆఫీసుకి వెళ్లి ఆ మీటరు మాది కాదని రాయించుకొచ్చి ఇస్తే సరిచేశారు. అనర్హులు అన్నప్పుడు ఎందుకు అని తప్పకుండా అడగండి. కారణం ఏదో ఒకటి రాసే ఉంటుంది, నోటితో చెప్పరు అంతే.

అర్జీ పెట్టిన ఐదో నెలలో మంజూరైంది. అప్పట్లో 3,000. వలంటీరు అబ్బాయి ఇంటికొచ్చి మిషను పెట్టి బొటనవేలు అన్నాడు, నేను మళ్లీ ఆ కుడి పిడికిలి విప్పబోయాను, ఆయన ఎడం బొటనవేలు చాపారు. అది చాలట. 2024 జూలై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద 6,000 అయింది. 2025లో మళ్లీ పరీక్షకి రమ్మని నోటీసు వచ్చినప్పుడు ఇల్లంతా టెన్షన్. పాత కేస్ షీట్లు, స్కాన్ రిపోర్టు, బోర్డు కాగితం అన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లాం. శాతం మారలేదు, పింఛను ఆగలేదు.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, మా వీధి చివర ఉండే ఒకమ్మాయి నిన్న సాయంత్రం జాకెట్ కోసం వచ్చి కూర్చుని ఏడ్చింది. వాళ్లాయనకి రెండు నెలల కిందట పక్షవాతం, జిన్నింగ్ మిల్లులో నాలుగేళ్ల సర్వీసు. సంచిలోంచి ఒక కాగితం తీసింది. ఇంగ్లీషులో టైపు చేసి ఉంది. చదవక్కర్లేకుండానే అదేంటో తెలిసిపోయింది. సంతకం ఇంకా కాలేదు. కాగితం నా దగ్గరే పెట్టుకున్నాను, రేపు పొద్దున ఎనిమిదింటికి ఇద్దరం కలిసి ఈఎస్ఐ డిస్పెన్సరీకి వెళ్తున్నాం. ఈఎస్ఐ కార్డు మీద ఉండే ఐపీ నంబరు, ఆసుపత్రి కేస్ షీట్, ఆఖరి జీతం చీటీ తీసి పెట్టుకోమని చెప్పాను.